కారణం: ఊరికే

నా గొంతు జడవాయువుల పాఠంలో పోయింది.

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రోజుకు ఐదు సెక్షన్లు, సెక్షనుకు ఎనభై మంది. ఆదివారం పొద్దున పరీక్ష, మధ్యాహ్నం ఆ పరీక్ష ఎందుకు పోయిందో చెప్పే క్లాసు, ఆ పైన చీకటి పడేదాకా స్టడీ అవర్స్. ఆ రోజు నాలుగో సెక్షన్‌లో బోర్డు మీద హీలియం అని రాసి, వెనక్కి తిరిగి నోరు తెరిస్తే లోపల్నుంచి గాలి మాత్రం వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ తెరిచాను. మళ్ళీ గాలే. జడవాయువుల గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు గానీ, నేను కావాలని చెప్పింది మటుకు కాదు.

పిల్లలు నవ్వారు. తప్పు వాళ్ళది కాదు. మూడేళ్ళుగా క్లాసులో నేను ఏదో ఒక వేషం వేస్తూనే ఉన్నాను, ఇదీ అలాంటిదే అనుకున్నారు. గొంతు పట్టుకుని చూపించాను, ఇంకా నవ్వారు. చేతులు అడ్డంగా ఊపాను, వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. నా ఉద్యోగంలో అంత బాగా నడిచిన క్లాసు ఇంకొకటి లేదు. చివరికి ముందు బెంచీ అమ్మాయి ఒకతి లేచి నీళ్ళ సీసా తెచ్చిచ్చింది. అప్పుడు గది చప్పబడింది. నాకు కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకుంటున్నాను.

గొంతు డాక్టరు గారు లోపలికి ఒక సన్న కెమెరా పంపి, నా స్వరపేటికను టీవీలో చూపించారు. రెండు తీగల్లాంటివి, వాటి మీద ఎదురెదురుగా రెండు బుడిపెలు. అరిచి అరిచి కాయలు కాశాయట, పార పట్టిన చేతికి కాసినట్టు. మా నాన్నకు చేతుల్లో కాయలు, నాకు గొంతులో. పొలం వదిలేసి ఇంత చదువు చదివి నేను సాధించిందల్లా కాయల చోటు మార్చడం.

రెండు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదన్నారు. గుసగుస అసలే వద్దట, అది అరుపు కంటే చెడ్డదట. తగ్గకపోతే ఆపరేషన్. ఆపరేషన్ తరవాత గొంతు వస్తుందన్నారు గానీ, ఇదే గొంతు వస్తుందని మాత్రం ఆయన మాటివ్వలేదు. నాకున్న ఆస్తి ఆ గొంతొక్కటే. పొలం నాన్నది, సబ్జెక్టు పుస్తకంలోది. జోకులు నావే గానీ, వాటిని కాగితం మీద రాసి చూపిస్తే ఎంత మంది నవ్వుతారో మీకిప్పుడు తెలుస్తూనే ఉంటుంది.

ప్రిన్సిపాల్ గారు డాక్టరు గారిచ్చిన చీటీ చదివి చాలా బాధపడ్డారు. బాధపడుతూనే, స్టడీ అవర్స్‌కి నోటితో పనేముంది, వచ్చి కూర్చుంటే చాలు కదా అన్నారు. ఎవడైనా మాట్లాడితే ఏం చెయ్యాలని కాగితం మీద రాసి అడిగాను.

"అప్పుడు ఒక్క అరుపు అరవండి సార్, సరిపోద్ది," అన్నారు.

అన్నాక ఆయనకే ఎక్కడో తగిలింది. సెలవు పుస్తకం నా వైపు జరిపారు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. పేరు, తేదీ, కారణం, సంతకం అని నాలుగు గడులు. కారణం గడిలో మా కాలేజీలో చెల్లేవి మూడే మాటలు. జ్వరం, పెళ్ళి, ఊరికి. జ్వరం అని రాస్తే మాత్ర వేసుకున్నారా అని అడుగుతారు. పెళ్ళి అని రాస్తే ఎవరిదని అడుగుతారు. ఊరికి అని రాస్తే ఏమీ అడగరు. స్టాఫంతా ఏదో ఒక ఊరి నుంచి వచ్చిన వాళ్ళే, ఊరికి వెళ్ళేవాణ్ణి ఆపడం మా వైపు మర్యాద కాదు. అందుకని ఊళ్ళో ఎవరూ లేనివాళ్ళు కూడా నెలకోసారి ఊరికి వెళ్తుంటారు. నేను గొంతు అని రాశాను. ఆ పుస్తకంలోకి ఆ మాట ఎక్కడం అదే మొదలు.

బస్సులో కండక్టరుకు కంకిపాడు అని రాసిన కాగితం చూపించాను. ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, నోరు ఇంత చేసి, బస్సంతా వినపడేలా ఒక్కో అక్షరం విడగొట్టి "కం-కి-పా-డా" అని అడిగారు. మాట రానివాడికి చెవి కూడా వినపడదని మా వాళ్ళకు గట్టి నమ్మకం. పక్క సీటాయన ఇంకా మర్యాదస్తుడు. జేబులోంచి పెన్ను తీసి, నా కాగితం మీదే "పుట్టుకతోనా?" అని రాసి చూపించారు. "మొన్నటి నుంచి" అని రాశాను. ఆయన చదివి, కాసేపు ఆలోచించి, కింద "అయ్యో" అని రాశారు.

మా ఊరు కంకిపాడు దాటాక ఉయ్యూరు వైపు, కాలవ పక్కన. నేను వెళ్ళేసరికి వరి పండి వాలి ఉంది. అమ్మ ఎదురొచ్చి నోరు తెరవమంది. తెరిస్తే కరక్కాయ ముక్క పెట్టింది. ఆ తరవాత బంధువులంతా వరసగా వచ్చి మిరియాల పాలు, అతిమధురం, వాము, తేనె, ఒకటొకటిగా నా గొంతులోకి దింపి, ఎలా ఉందో చెప్పమన్నారు. చెప్పకూడదని చెప్పడానికి నా దగ్గర నోరు లేదు.

మా అమ్మ గురించి మీకు తెలియాల్సింది ఒకటే. కూర్చున్న మనిషిని చూసి ఆవిడ ఓర్చుకోలేదు. ఆవిడ చెప్పే ప్రతి పనికీ మొదట ఒక మాట ఉంటుంది, ఊరికే కూర్చున్నావుగా అని. ఊరికే కూర్చున్నావుగా, నాలుగు చిక్కుడుకాయలు కొయ్యి. ఊరికే కూర్చున్నావుగా, ఈ విత్తనం మినుముల్లో మట్టిగడ్డలు ఏరు. చిన్నప్పుడు నాకు ఆ మాటకు అర్థం తెలియక, ఊరికే అంటే ఒక రకం కుర్చీ అనుకునేవాణ్ణి. దాని మీద కూర్చుంటే పని చెబుతారు కాబట్టి వేరే దాని మీద కూర్చోవాలని చూసేవాణ్ణి.

రెండో రోజు పక్కింటావిడ మీవాడేం చేస్తున్నాడని అడిగితే, అమ్మ ఏదో పని తొందరలో ఊరికే ఉన్నాడని చెప్పింది. సాయంత్రానికి ఊరి లెక్కలో నా ఉద్యోగం పోయింది. పెదనాన్న వచ్చి, కొల్లేరు వైపు చేపల మేత కంపెనీలో తెలిసిన వాళ్ళున్నారు, మాట్లాడతానన్నారు. ఉద్యోగం ఉందని రాసి చూపించాను.

"ఉంటే ఇక్కడెందుకున్నావురా?"

విశ్రాంతి అని రాశాను. ఆయన ఆ మాటను కూడబలుక్కుని రెండుసార్లు చదివి, కాగితం అమ్మకిచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"పిల్లాడికి అసలేమైందమ్మా?"

అమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి అరుగు మీద కూర్చుంటే చేతిలో పుస్తకం ఉండాలని నియమం పెట్టింది. పుస్తకం ఉంటే మా ఊళ్ళో ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఏదో పరీక్షకు చదువుతున్నాడంటారు. ఇంట్లో దొరికిన కెమిస్ట్రీ పుస్తకం ఒకటి పట్టుకుని, ఒకే పేజీ తెరిచి కూర్చునేవాణ్ణి. జడవాయువుల పేజీయే. ఎవరితోనూ చర్య జరపని ఆ వాయువులకు ముందు జడవాయువులని పేరు పెట్టారు. తరవాత ఆలోచించుకుని ఉత్కృష్ట వాయువులని మార్చారు. ఏ పనీ చెయ్యకపోవడం గురించి రసాయనశాస్త్రం తన అభిప్రాయం మార్చుకుంది. మా ఊరు ఇంకా అంతదాకా రాలేదు.

ఊరిని అని ఏం లాభం, నేనూ అంతే. రాగానే విశ్రాంతికి టైంటేబుల్ వేసుకున్నాను. ఆరు నుంచి ఏడు నడక, ఏడు నుంచి ఎనిమిది మనశ్శాంతి, మధ్యాహ్నం రెండు గంటలు ప్రకృతి. మూడో రోజుకే మనశ్శాంతిలో సిలబస్ వెనకబడింది. ఆదివారం కవర్ చేద్దామనుకున్నాను.

ఐదో రోజు నాన్నకు మినుములు మోసుకుని పొలం వెళ్ళాను. నాన్న పండిన వరిలో, ఇంకా కొయ్యని వరిలో, నడుముకు సంచి కట్టుకుని మినుములు చల్లుతున్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కోతకు రెండు మూడు రోజుల ముందే చల్లేస్తారు, మిషను వచ్చి వరి కోసుకుని పోయేసరికి కింద మినుము మొలకెత్తి ఉంటుంది. కోశాక తీరిగ్గా చల్లుకోకూడదా అని సైగ చేశాను.

"అప్పటికి పదను పోద్దిరా," అన్నాడు.

పదను అంటే నేలలో మిగిలిన తడి. గట్టు మీద నిలబడి నాన్న చేతి విసురు చూస్తుంటే నాకు మా కాలేజీ కనపడింది. ఫస్టియర్ వాళ్ళు పరీక్షకు రాకముందే వాళ్ళలో సెకండియర్ చల్లేస్తాం. పదను పోతుందని భయం. నాన్న భయానికి ఒక హద్దుంది, మినుము కోశాక, వేసవిలో కాలవలు కట్టేశాక, నేల నోరు తెరుచుకుని పడుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. మా పిల్లలకు వేసవిలో క్రాష్ కోర్సు. పిల్లల సంగతి సరే, వాళ్ళకు చల్లేవాడికి కూడా గొంతులో పదను పోయిందని ఆ గట్టు మీద నాకు మొదటిసారి అనిపించింది. అనిపించిన విషయం ఎవరికైనా చెప్పుకుందామంటే నోరు లేదు.

అందుకే కాబోలు, ఆరో రోజు పిన్ని ఫోన్ చేస్తే ఆగలేకపోయాను. డాక్టరు ఏమన్నాడో చెప్పమంది. మాట్లాడొద్దన్నాడు పిన్నీ అని గుసగుసగా చెప్పాను. ఎందుకన్నాడు అంది. ఎందుకన్నాడో ఇరవై నిమిషాలు చెప్పాను. సాయంత్రానికి గొంతులో ఇసక పోసినట్టయింది. అమ్మ డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఆయన తాపీగా విని, ఈ ఆరు రోజులూ లెక్కలోకి రావు, రేపటి నుంచి మొదటి రోజు అని చెప్పారు. పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, ఒక్కసారి ఊఁ అందామని ప్రయత్నించాను. అది కూడా రాలేదు. కొంచెం భయం వేసింది. కొంచెం ఏమిటి, బాగానే వేసింది. రేపు క్లాసులో నిలబడి నోరు తెరిస్తే ఇంకెవరి గొంతో వస్తే, ఆ గొంతుకు జోకులు నప్పకపోతే, నేనేం చేసుకోను.

మర్నాడు అటక మీంచి నా చిన్నప్పటి పలక దింపాను. దాని మీద బలపంతో రాశాను, "ఊరికే కూర్చున్నాను. పని చెప్పొద్దు." అరుగు మీద కుర్చీ వేసుకుని, పలక పక్కన నిలబెట్టి, పుస్తకం లేకుండా కూర్చున్నాను. ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టాను. నీళ్ళలో పడిందేమో ఆరబెట్టాడనుకుని అమ్మ రెండు రోజులు దాని జోలికి వెళ్ళలేదు.

దారిన పోయేవాళ్ళు ఆగి చదివారు. ఒకాయన చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, ఇది రాసుకోవాల్సిన సంగతా అన్నారు. పెదనాన్న రెండు రోజులు మా వీధి మానేసి వెనక వీధి గుండా వెళ్ళారు. అమ్మ మాట్లాడటం మానేసింది. ఇంట్లో ఇద్దరు మాట్లాడని వాళ్ళమయ్యాం, నాన్న పొలంలోనే ఎక్కువ సేపు ఉండటం మొదలుపెట్టాడు.

అలా కూర్చుంటే నాకేదో వెలుగు కనపడిందని చెప్పను. మొదటి రోజు విసుగు. రెండో రోజు అంతకు మించిన విసుగు. కాలు దానంతటది ఊగుతుండేది, చెయ్యి లేని ఫోన్ కోసం జేబులు వెతికేది. మూడో రోజు మధ్యాహ్నం ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టరు మా వీధిలోంచి నెమ్మదిగా వెళ్ళింది. దాని వెనకాల ఒక గేదె నడుస్తూ, నడుస్తున్న బండిలోంచే ఒక్కో గడా లాక్కుని నములుతోంది. పరిగెత్తలేదు, ఆగలేదు. వీధి చివరి మలుపు దాకా చూశాను. మలుపు తిరిగాక కూడా అటే చూస్తున్నాను. కాలు ఊగడం లేదని చాలాసేపటికి గమనించాను. గమనించగానే మళ్ళీ ఊగింది.

ఆ సాయంత్రమే అమ్మ తిట్టడానికి బయటికొచ్చింది. పలక చదివింది, రోజూ చదువుతున్నదే. చెంగుతో ముఖం తుడుచుకుని, ఐదు నిమిషాలు అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, నా పక్కన అరుగు అంచు మీద కూర్చుంది. ఏం చూస్తున్నావు అన్నట్టు నేను చూస్తున్న వైపు చూసింది. అక్కడేమీ లేదు. కాసేపటికి ఆవిడ తల నా మోకాలికి ఆనింది. నిద్రపోయింది. మా అమ్మ పగటి వెలుతురులో నిద్రపోవడం నా జీవితంలో నేను చూడలేదు. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చేతివేళ్ళు మటుకు ఏదో ఏరుతున్నట్టు కదులుతున్నాయి.

అప్పుడు లోపల స్టవ్ మీద సన్న సెగన పాలు ఉన్నాయని గుర్తొచ్చింది. లేస్తే ఆవిడ లేస్తుంది. కేకేద్దామంటే గొంతు లేదు, ఇంట్లో ఎవరూ లేరు. పాలా అమ్మా అని ఆలోచించాను. పాలు మా ఇంట్లో రోజూ కాస్తారు. ఇది మళ్ళీ ఎప్పుడో. కదలకుండా కూర్చున్నాను. పొంగిన చప్పుడు వినపడింది, తరవాత వాసన వచ్చింది, ఆ తరవాత అమ్మ లేచింది.

లోపలికి పరిగెత్తి, మాడిన గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

"పొంగుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

పలక తుడిచి, అవును అని రాశాను.

రెండు గంటలు తిట్టింది. తిట్లలో మునుపటి ఊపు లేదని నాకనిపించింది, నలభై నిమిషాల నిద్ర పని చేసినట్టుంది. మర్నాడు పెరుగు లేదు. నాన్న ఎందుకని అడగలేదు.

లెక్క ప్రకారం రెండు వారాలూ పూర్తి చేసి విజయవాడ వచ్చాను. డాక్టరు గారు కెమెరా దింపి చూసి, బుడిపెలు దాదాపు కరిగాయి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఏదైనా మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచక హీలియం అన్నాను. నా గొంతే. కొంచెం బొంగురుగా ఉన్నా నాదే. మళ్ళీ ఇలాగే వాడితే మళ్ళీ వస్తాయి, వారానికి ఒక్క రోజైనా దానికి సెలవివ్వు అన్నారాయన.

ప్రిన్సిపాల్ గారు చాలా సంతోషించారు. రెండు సెక్షన్లు వెనకబడ్డాయి, ఆదివారం ఎక్కువ సేపు క్లాసు తీసుకోమన్నారు. ఆదివారం రానండి, గొంతు ఇలాగే వాడితే బుడిపెలు మళ్ళీ వస్తాయన్నారు డాక్టరు గారు అని చెప్పాను.

"వచ్చినప్పుడు చూద్దాం లెండి."

పాత లెక్చరర్ ఒకాయన సంగతి కూడా చెప్పారు. చేతికి సెలైన్ సూదితోనే వచ్చి పాఠం చెప్పారట, అంత అంకితభావం ఉండేదట. ఆయన ఇప్పుడెక్కడున్నారని అడిగాను. తెలియదన్నారు.

స్టాఫ్ రూంలో ఫిజిక్స్ సారు నా మంచి కోరి ఉపాయం చెప్పాడు. ఆదివారం విశ్రాంతి తీసుకుంటే సోమవారం రెట్టింపు ఊపుతో చెబుతానని అడుగు, ఒప్పుకుంటారు అని. అడగనన్నాను. నా ఆదివారం సోమవారానికి కూలి పనికి వెళ్ళదు. రెట్టింపు ఊపుతో చెప్పడానికేనా పద్నాలుగు రోజులు నోరు మూసుకుంది? అలాగైతే ఊరికి అని రాసెయ్, ఎవరూ అడగరు అన్నాడు. అదీ నిజమే. ఒక్క అబద్ధం, అందరూ ఆడేదే.

శనివారం మధ్యాహ్నం సెలవు పుస్తకం తీసి, కారణం గడిలో ఊరికే అని రాసి, ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. ఆయన అలవాటుగా పెన్ను మూత తీశారు.

"మళ్ళీ ఊరికా? మొన్ననేగా వచ్చారు."

"ఊరికి కాదండి. ఊరికే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "అదే సార్, ఊరికేగా. ఏ ఊరికి?"

"ఏ ఊరికీ కాదండి. రూంలోనే ఉంటాను. ఊరికే."

పెన్ను ఆగిపోయింది. ఆయన మంచివారు. ఎదుటివాణ్ణి ఇబ్బందిలోంచి తప్పించాలని నిజంగా చూస్తారు. పుస్తకం నా వైపు తిప్పి, చూపుడు వేలితో ఆ అక్షరం చూపించారు. ఆ ఏత్వం తీసేసి గుడి పెట్టెయ్యండి, ఇప్పుడే సంతకం పెడతానన్నారు. నా ఆదివారానికీ నాకూ మధ్య ఉన్నది ఒక్క గుడి. పెట్టేస్తే పోయేది. పెద్ద యుద్ధమేం కాదని నాకూ తెలుసు. కానీ పలక మీద రాసుకుని వీధిలో కూర్చున్నవాణ్ణి, ఊరంతా చదివిన మాట, గిన్నెడు పాలు పోగొట్టుకున్న మాట. ఒక్క అక్షరం దిద్ది దాన్ని బస్సెక్కించలేకపోయాను.

"గుడి పెట్టనండి," అన్నాను.

"పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"నన్ను పిలిపించండి. ఇప్పుడు నాకు గొంతుంది."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. వేషం వేస్తున్నానేమోనని చూసినట్టున్నారు, నాకున్న పేరు అలాంటిది. నేను నవ్వలేదు. ఆయన ఆ గడిని ఇంకోసారి చదివి, గది తలుపు వైపొకసారి చూసి, సంతకం పెట్టారు. పెడుతూ అడిగారు.

"ఊరికే అంటే, ఏం చేస్తారు సార్ రోజంతా?"

"చెబితే ఊరికే అవదండి."

మర్నాడు పది గంటలకు రూంలో మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. వారం నుంచి ఆవిడతో కూడా పొదుపుగానే మాట్లాడుతున్నాను. ఏం చేస్తున్నావురా అంది. ఊరికే అన్నాను.

"ఏ బస్సెక్కావు? కోడిని కోయించనా?"

"రావట్లేదమ్మా. ఊరికే ఉన్నానంటున్నా."

అటువైపు నుంచి దూరంగా చెరుకు ట్రాక్టరు వెళ్తున్న చప్పుడు వచ్చింది. అరుగు మీద నుంచైతేనే అది అంత బాగా వినపడుతుంది. ఇన్నేళ్ళూ అమ్మ లోపల్నుంచి ఫోన్ చేస్తే వెనకాల మిక్సీ చప్పుడే ఉండేది.

"స్టవ్ మీద పాలున్నాయా అమ్మా?"

"కట్టేసే వచ్చాన్లే," అంది.